అర్పా నుంచి ఆంధ్ర తీరం దాకా: ఉపగ్రహాలు చూపిన సముద్ర ప్రవాహాలు

బిలాస్‌పూర్‌కూ సముద్రానికీ సంబంధమేమిటని పాఠకులు ప్రశ్నించవచ్చును. ఏ దిక్కుకు చూచినా వందల కిలోమీటర్ల దాకా ఉప్పునీటి జాడ లేని ఊరు మనది. ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలలో పలువురి పెద్దలు బెంగాల్–నాగపూర్ రైల్వే రోజులలో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి వచ్చినవారు. వారి సంతానానికి సముద్రమంటే సెలవులలో రాయపూర్, టిట్లాగఢ్, రాయగడల మీదుగా పోయే రైలెక్కి చూచి వచ్చే వింత. కాని రైలు పట్టాలు పడక ముందునుంచీ మన ఊరి నుంచి తీరానికి మరొక మార్గం ఉన్నది. కుదుదండ్ వీధులలో కురిసిన వాననీరు అర్పాలో చేరుతుంది. అర్పా శివనాథ్‌లోనూ, శివనాథ్ మహానదిలోనూ కలుస్తాయి. మహానది హిరాకుడ్ జలాశయాన్ని దాటి, ఒడిశా డెల్టా మీదుగా బంగాళాఖాతంలో ప్రవేశిస్తుంది.

అక్కడితో ఆ నీటి ప్రయాణం ముగిసిందని సాధారణంగా భావిస్తాము. నిజానికి వర్షాకాలం చివర నదులన్నీ తెచ్చి పోసిన మంచినీరు వెంటనే ఉప్పునీటిలో కలసిపోదు. అది పైపొరగా నిలిచి, తీరాన్ని అంటిపెట్టుకొని దక్షిణంగా సాగుతుంది. శ్రీకాకుళం, విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నాల ముందు నుంచి పోయే ఈ ప్రవాహాన్ని నిర్ధారించినవారు ఇరువురు: వందల కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాలు ఒకరైతే, మోకాలిలోతు నీటిలో సీసా ముంచిన మత్స్యకారులు మరొకరు. ఆ కథను మన సంస్థ మిత్రులకు పరిచయం చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మోటారు లేని పంపు

గని అడుగున ఊరే నీటిని పైకి తోడడానికి ఎంత పరికరం, ఎంత విద్యుత్తు కావలెనో మనకు తెలియనిది కాదు. సముద్రం మాత్రం తన అడుగు నీటిని మోటారు లేకుండానే పైకి తోడుకొంటుంది. దీనినే శాస్త్రజ్ఞులు అప్‌వెల్లింగ్ అంటారు. మనం జలోద్గమనం అనవచ్చును. దీనికి కావలసిన శక్తి గాలిది. దిశను నిర్ణయించేది భూభ్రమణం.

నార్వే అన్వేషకుడు నాన్సెన్ 1893–96 సంవత్సరాలలో ఫ్రామ్ అనే ఓడపై ఉత్తర ధ్రువ సముద్రంలో ప్రయాణించినప్పుడు, తేలే మంచు గాలి వీచే దిశలో కాక దానికి 20 నుంచి 40 డిగ్రీలు కుడి ప్రక్కకు కదలడం గమనించాడు. దీనికి గణిత రూపమైన వివరణను స్వీడన్ శాస్త్రజ్ఞుడు ఎక్‌మన్ 1905లో ప్రకటించాడు. ఉపరితలాన్ని గాలి నెడుతుంది. పై పొర క్రింది పొరను నెడుతుంది. భూభ్రమణం వలన ప్రతి పొరా తన పైదాని కంటె మరికొంత కుడికి తిరుగుతుంది. అన్ని పొరల కదలికనూ కూడితే, ఉత్తరార్ధ గోళంలో నీటి మొత్తం తరలింపు గాలికి సరిగా కుడివైపు లంబంగా ఉంటుంది.

దీనిని ఆంధ్ర తీరానికి అన్వయిద్దాం. మన తూర్పు తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి వాలి ఉన్నది. విశాఖ బీచిలో నైరుతి గాలికి వీపు పెట్టి నిలబడితే ఎడమచేతి వైపు ఊరు, కుడిచేతి వైపు సముద్రం ఉంటాయి. అంటే తీరం వెంట వీచే ఆ గాలి ఉపరితల జలాన్ని లోసముద్రానికి నెట్టివేస్తుంది. ఖాళీ అయిన చోటును భర్తీ చేయడానికి అడుగునుంచి చల్లని నీరు పైకి రావలసిందే.

ఇంజనీరుకు లెక్క లేనిదే తృప్తి ఉండదు. సెకనుకు 8 మీటర్ల వేగంతో గాలి తీరానికి సమాంతరంగా వీస్తే, అది నీటిపై కలిగించే ఒరిపిడి చదరపు మీటరుకు సుమారు 0.1 న్యూటన్. విశాఖ అక్షాంశం వద్ద దీని ఫలితంగా ప్రతి మీటరు తీరం నుంచి సెకనుకు 2 ఘనపు మీటర్లకు మించిన నీరు బయటకు పోతుంది. ఒక కిలోమీటరు తీరానికి ఇది 2,200 ఘనపు మీటర్లు. ఆ లోటు తీరం ప్రక్కన 40 కి.మీ. వెడల్పులో సమంగా పూడుతుందనుకుంటే, అడుగు నీరు రోజుకు 5 మీటర్ల చొప్పున పైకి లేవవలె. కంటికి కనిపించని నిదానమే. కాని గాలి పదిరోజులు నిలకడగా వీస్తే 50 మీటర్ల లోతున ఉన్న నీరు వెలుగులోకి వస్తుంది.

ఆ నీటికి అంత విలువ ఎందుకంటే, అడుగున చీకటిలో నైట్రేట్లు, ఫాస్ఫేట్లు, సిలికేట్లు వాడకం లేక పోగుపడి ఉంటాయి. పైన ఎండ ఉన్నది గాని ఎరువు లేదు. క్రింద ఎరువు ఉన్నది గాని ఎండ లేదు. జలోద్గమనం ఈ రెండింటినీ కలుపుతుంది. సూక్ష్మమైన వృక్షప్లవకాలు పెరుగుతాయి. వాటిని తిని జంతుప్లవకాలు, వాటి వెంట కవళ్ళు, కానాగంతలు, నెత్తళ్ళు, వాటి వెనుక పెద్ద చేపలు చేరుతాయి. పెరూ, కాలిఫోర్నియా, నమీబియా, వాయవ్య ఆఫ్రికా తీరాలు మత్స్య సంపదకు ప్రసిద్ధి చెందడానికి ఇదే మూలం. సముద్ర విస్తీర్ణంలో అతి స్వల్ప భాగమైన ఇటువంటి తీరాల నుంచే ప్రపంచ సముద్ర మత్స్య దిగుబడిలో సుమారు ఐదవ వంతు వస్తున్నది.

ఓడలతో కొలిచిన రోజులు

ఆంధ్ర తీరంలో జలోద్గమనాన్ని శాస్త్రీయంగా పరిశీలించిన ఘనత ఆంధ్ర విశ్వవిద్యాలయానిది. 1952లో అమెరికా సముద్ర శాస్త్రజ్ఞుడు యూజీన్ లాఫాండ్ ఫుల్‌బ్రైట్ ఆచార్యుడిగా వాల్తేరుకు వచ్చాడు. ఆయన, విశ్వవిద్యాలయ పరిశోధకులు కలసి భారత నౌకాదళ ఓడల సాయంతో తీరం ముందరి నీటి ఉష్ణోగ్రతనూ లవణీయతనూ లోతువారీగా కొలిచారు. వసంతకాలంలో చల్లని నీరు తీరం వద్ద పైకి వస్తున్నదనీ, వర్షాకాలం తరువాత దీనికి విరుద్ధంగా పై నీరు అడుగుకు దిగుతున్నదనీ తేల్చారు. 1954లో విశ్వవిద్యాలయం ప్రచురించిన సముద్ర శాస్త్ర సంపుటిలో ఈ ఫలితాలు వెలువడ్డాయి. దేశంలో సముద్ర శాస్త్రం ఇంకా బాల్యదశలో ఉన్న రోజులలో ఇది గొప్ప ముందడుగు.

తరువాత గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థకు చెందిన షెట్యే, ఆయన సహచరులు నైరుతి ఋతుపవన కాలంలో తూర్పు తీరాన్ని ఓడపై పరిశీలించి, 1991లో ఫలితాలు ప్రకటించారు. జలోద్గమనం తీరం ప్రక్కన సుమారు 40 కి.మీ. వెడల్పున్న పట్టీకే పరిమితమైనట్లూ, ఉత్తర భాగంలో నదుల మంచినీటి ప్రభావం ప్రబలంగా ఉన్నట్లూ వారు గుర్తించారు.

అయితే ఓడకు ఒక పరిమితి ఉన్నది. అది ఒక చోట ఉండగా మరొక చోట ఏమి జరుగుతున్నదో చెప్పలేదు. కళింగపట్నం ముందు కొలత ముగించి మచిలీపట్నం చేరేసరికి గాలి మారవచ్చు, ప్రవాహం మారవచ్చు. తీరమంతటినీ ఒక్క చూపులో చూడాలంటే ఆకాశానికి ఎక్కవలసిందే.

ఆకాశం నుంచి నాలుగు కొలతలు

ఉపగ్రహం సముద్రపు లోతులోకి చూడలేదు. అది చూచేది ఉపరితలాన్ని మాత్రమే. అయినా ఆ ఉపరితలం నుంచి నాలుగు విషయాలు గ్రహించవచ్చును.

మొదటిది ఉష్ణోగ్రత. సముద్రం వెలువరించే పరారుణ కిరణాలను కొలిచి ఉపరితల ఉష్ణోగ్రతను లెక్కకడతారు. అమెరికాకు చెందిన నోవా ఉపగ్రహాల రేడియోమీటరు సుమారు 1 కి.మీ. వివరంతో ఈ చిత్రాలను అందించింది. చల్లని నీరు పైకి వచ్చిన పట్టీ ఈ చిత్రాలలో వెచ్చని నీటి ప్రక్కన స్పష్టమైన అంచుతో కనబడుతుంది.

రెండవది రంగు. వృక్షప్లవకాలలోని పత్రహరితం నీలి కాంతిని పీల్చుకొంటుంది. అందుచేత అవి అధికంగా ఉన్న నీరు ఆకుపచ్చగా మారుతుంది. 1978లో ప్రయోగించిన నింబస్–7 ఉపగ్రహం ఈ పద్ధతికి నాంది పలికింది. మన దేశం 1999 మే 26న శ్రీహరికోట నుంచి ఓషన్‌శాట్–1ను ప్రయోగించింది. ఎనిమిది వర్ణపట్టీలలో 360 మీటర్ల వివరంతో, 1,420 కి.మీ. వెడల్పున చూచిన దాని రంగుల కెమెరా రెండు రోజులకొకసారి మన సముద్రాలను పరిశీలించింది. ఆ వరుసలో ఓషన్‌శాట్–2 2009లోనూ, మూడవదైన ఇ.ఓ.ఎస్.–06 2022 నవంబరు 26నా కక్ష్యలో చేరాయి.

మూడవది గాలి. ఉపగ్రహం పంపిన రాడార్ తరంగాలు గాలి రేపిన చిన్న అలలకు తగిలి తిరిగి వస్తాయి. వాటి బలాన్నిబట్టి గాలి వేగమూ దిశా తెలుస్తాయి. ఓషన్‌శాట్–2లోనూ, 2016లో ప్రయోగించిన స్కాట్‌శాట్–1లోనూ ఈ పరికరం ఉండేది. పంపును నడిపే గాలి ఎంతో తెలిస్తే పంపు తోడే నీరెంతో అంచనా వేయవచ్చు.

నాలుగవది అన్నిటికంటె ఆశ్చర్యకరమైనది: సముద్ర మట్టపు ఎత్తు. 1992 ఆగస్టు 10న అమెరికా, ఫ్రాన్సు దేశాలు ప్రయోగించిన టోపెక్స్–పొసైడన్ ఉపగ్రహం 1,336 కి.మీ. ఎత్తు నుంచి సముద్ర మట్టాన్ని కొద్ది సెంటీమీటర్ల తేడాతో కొలిచింది. 2013 ఫిబ్రవరి 25న శ్రీహరికోట నుంచి మన పి.ఎస్.ఎల్.వి. ప్రయోగించిన సరళ్ ఉపగ్రహం, అందులోని ఫ్రెంచి పరికరం ఆల్టికా ఈ కొలతను మరింత సూక్ష్మం చేశాయి.

ఎత్తుకూ ప్రవాహానికీ సంబంధమేమిటి? విశాల సముద్రంలో నీరు పల్లానికి నేరుగా జారదు. భూభ్రమణం దానిని ప్రక్కకు తిప్పుతుంది. చివరకు నీరు వాలుకు అడ్డంగా ప్రవహిస్తుంది. వాలు ఎంత నిటారుగా ఉంటే ప్రవాహం అంత వేగంగా ఉంటుంది. మన అక్షాంశాలలో సెకనుకు 1 మీటరు వేగంతో సాగే ప్రవాహానికి అడ్డంగా 100 కి.మీ. దూరంలో మట్టపు తేడా సుమారు 40 సెం.మీ. మాత్రమే. మన సర్వే పరికరాలతో భూమి మీద ఇంత సన్నని వాలు కొలవడమే కష్టం. కదిలే నీటిపై, ఆకాశం నుంచి, దీనిని కొలవగలగడం ఇంజనీరింగ్ సాధించిన విజయాలలో ఒకటి.

దిశ మార్చుకొనే ప్రవాహం

ఈ కొలతల వలన తూర్పు భారత తీర ప్రవాహం స్వరూపం బయటపడింది. ప్రపంచంలో పేరుపొందిన గల్ఫ్ ప్రవాహం ఏడాది పొడవునా ఒకే దిశలో సాగుతుంది. మన తూర్పు తీరపు ప్రవాహం అట్లా కాదు. ఫిబ్రవరి నుంచి మే వరకు ఈశాన్యంగా, అంటే ఒడిశా వైపు పోతుంది. మార్చి, ఏప్రిల్ నెలలలో బలంగా ఉంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు దిశ మార్చుకొని దక్షిణంగా, శ్రీలంక వైపు మరలుతుంది. నడుమ నైరుతి ఋతుపవన కాలంలో ఒక్కొక్క చోట ఒక్కొక్క విధంగా ఉంటుంది.

దీనిని నడిపేది తీరం మీది గాలి ఒక్కటే అనుకోవడం కూడా సరికాదు. భూమధ్యరేఖ వద్ద గాలులు మారినప్పుడు పుట్టే దీర్ఘ తరంగాలు అండమాన్ సముద్రం మీదుగా బంగాళాఖాతపు అంచునంతా చుట్టి ఆంధ్ర తీరానికి చేరుతాయి. వాటి ఎత్తు ఉపరితలాన కొన్ని సెంటీమీటర్లే గాని, లోపలి చల్లని నీటి పొరను పదుల మీటర్లు పైకి గాని క్రిందికి గాని కదపగలవు. అందుచేతనే నైరుతి గాలులు స్థిరపడక పూర్వమే, సంవత్సరారంభంలో ఆంధ్ర తీరం వద్ద చల్లని నీరు పైకి వచ్చే పరిస్థితి ఏర్పడుతుంది. వేల కిలోమీటర్ల దూరపు కారణం మన తీరంలో కార్యంగా కనబడడాన్ని ఉపగ్రహ చిత్రాల వరుస లేకుండా అర్థం చేసుకొనడం కష్టమయ్యేది.

సీసాలో దొరికిన నది

ఇక మన అర్పా నీటి సంగతికి వద్దాం. మంచినీరు ఉప్పునీటి కంటె తేలిక. గంగ, బ్రహ్మపుత్ర, ఐరావతి, మహానది, గోదావరి, కృష్ణ తెచ్చిన నీరు బంగాళాఖాతంపై మూతవలె పరచుకొంటుంది. ఆ మూతను చీల్చుకొని అడుగు నీటిని పైకి తేవడం గాలికి కష్టం. ఒకే ఋతుపవనాలు వీచినా అరేబియా సముద్రం కంటె బంగాళాఖాతం ప్లవకాల ఉత్పత్తిలో వెనుకబడడానికి ఇది ముఖ్య కారణాలలో ఒకటి. కాబట్టి జలోద్గమనాన్ని అంచనా వేయాలంటే మూత ఎంత మందమో, ఏ నెలలో ఎక్కడ ఉన్నదో తెలియవలె. అంటే లవణీయత తెలియవలె.

ఇక్కడే ఉపగ్రహాలకు చిక్కు వచ్చింది. లవణీయతను అంతరిక్షం నుంచి కొలిచే మొదటి ఉపగ్రహమైన ఐరోపా వారి స్మోస్ 2009లో గాని కక్ష్యకు చేరలేదు. తీరం దగ్గర నేల నుంచి వచ్చే సంకేతాలు కలసి కొలత చెడుతుంది. ఓడలను ప్రతి వారం పంపడానికి ఖర్చు చాలదు.

జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ అతి సులభమైన ఉపాయం కనిపెట్టింది. 2005 మే నెల నుంచి మన దేశ తీరం వెంబడి ఎనిమిది చోట్ల మత్స్యకారులచేత అయిదు రోజులకొకసారి మోకాలిలోతు నీటిలో సముద్ర జలం సీసాలకు పట్టించింది. ఒడ్డున పట్టిన నీరు లోసముద్రపు లవణీయత మార్పును సరిగా సూచిస్తుందా అన్న సందేహాన్ని, లోపల సేకరించిన నమూనాలతో పోల్చి నివృత్తి చేసుకొన్నారు.

సంవత్సరాల తరబడి పోగైన ఆ సీసాల కొలతలు అమెరికా వాతావరణ శాస్త్ర సంఘం పత్రికలో 2014లో వెలువడ్డాయి. వర్షాకాలం చివర ఖాతం ఉత్తర భాగంలో లవణీయత కిలోకు 10 గ్రాములకు పైగా పడిపోతున్నది. ఆ తగ్గుదల సుమారు 100 కి.మీ. వెడల్పున్న సన్నని పట్టీగా తీరం వెంట దక్షిణంగా జరిగి, రెండున్నర నెలలలో దేశపు దక్షిణాగ్రానికి చేరుతున్నది. పరిశోధకులు దానికి ‘సముద్రంలో నది’ అని పేరు పెట్టారు. తీరం పొడవు సుమారు 2,000 కి.మీ. అనుకుంటే ఆ నది వేగం రోజుకు 25 కి.మీ. పైచిలుకు, అంటే సెకనుకు 30 సెం.మీ. ఉపగ్రహాలు సముద్ర మట్టపు వాలునుంచి లెక్కకట్టిన తీర ప్రవాహం ఈ కదలికకు సరిపోయింది. ఆకాశం చెప్పిన మాటను సీసా ధ్రువపరచింది. సీసా చూపిన దానికి ఆకాశం కారణం చెప్పింది.

ఈ నదిలో అధిక భాగం గంగా బ్రహ్మపుత్రలదే. మహానది వాటా చిన్నది; అందులో అర్పా వాటా మరీ చిన్నది. అయినా ఆ వాటా ఉన్నది.

వలకూ, వానకూ, తుఫానుకూ

ఈ విజ్ఞానం ప్రయోజనం ఎవరికి? ముందుగా మత్స్యకారునికి. చేపల కోసం సముద్రమంతా గాలించే పడవకు డీజిలే పెద్ద ఖర్చు. 1999లో హైదరాబాద్‌లో స్థాపితమైన జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రం, అనగా ఇన్‌కాయిస్, ఉష్ణోగ్రత, పత్రహరితం చిత్రాలలోని అంచులను గుర్తించి, చేపలు చేరే అవకాశమున్న ప్రాంతాల సూచనలను అందిస్తున్నది. ఏ రేవు నుంచి ఏ దిక్కున, ఎంత దూరాన, ఎంత లోతున అనే వివరాలు తెలుగుతో సహా తీరప్రాంత భాషలలో చేరుతున్నాయి. సముద్రం కల్లోలంగా ఉన్న రోజులలోనూ, వేట నిషేధ కాలంలోనూ ఈ సూచనలు ఇవ్వరు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు యంత్రపు పడవలకు వేట నిషేధం అమలవుతున్నది. ఆ కాలంలో చేపలు సంతానాన్ని పెంచుకొంటాయి.

సూచనకు పరిమితులు లేకపోలేదు. వర్షాకాలంలో మబ్బులు కమ్మితే పరారుణ, రంగుల చిత్రాలు దొరకవు. నదీముఖాల వద్ద బురద నీటిని ప్లవకాల పచ్చదనంగా పొరబడే ప్రమాదం ఉన్నది. మట్టాన్ని కొలిచే రాడార్ తీరానికి మరీ దగ్గరగా తడబడుతుంది. 2022 డిసెంబరులో ప్రయోగించిన స్వాట్ ఉపగ్రహం ఆ లోటును తీర్చే దిశలో ఒక అడుగు. లోపలి పొరల కోసం ఆర్గో తేలియాడు యంత్రాలు ఉన్నాయి. అవి 2,000 మీటర్ల లోతు నుంచి పైకి వస్తూ ఉష్ణోగ్రతనూ లవణీయతనూ కొలిచి, పది రోజులకొకసారి ఉపగ్రహానికి తెలియజేస్తాయి.

రెండవ ప్రయోజనం మనకు. పైన మంచినీటి మూత ఉన్నందున బంగాళాఖాతం ఉపరితలం వెచ్చగా, తరచు 28 డిగ్రీలకు మించి ఉంటుంది. వాయుగుండాలకు ఆ వేడి అనుకూలం. వర్షాకాలంలో అక్కడ పుట్టిన వాయుగుండాలు ఒడిశా దాటి వాయవ్యంగా కదలి ఛత్తీస్‌గఢ్‌పై వర్షిస్తాయి. ఆ వాన అర్పాలో, శివనాథ్‌లో, హస్‌దేవ్‌లో పడి మహానది ద్వారా మళ్ళీ ఖాతానికి చేరి, ఆ మూతకే తోడవుతుంది. నది సముద్రానికి ఇచ్చేది దానమైతే, సముద్రం వానగా తిరిగి ఇచ్చేది ప్రతిదానం.

మూడవది తుఫాను. సాధారణంగా తుఫాను సముద్రాన్ని చిలికి, అడుగు చల్లదనాన్ని పైకి తెచ్చుకొని కొంత బలహీనపడుతుంది. మంచినీటి మూత గట్టిగా ఉన్నచోట ఆ చల్లదనం పైకి రావడం కష్టమవుతుంది. 1999 అక్టోబరు 29 నాటి ఒడిశా మహా తుఫాను, 2014 అక్టోబరు 12న విశాఖను తాకిన హుద్‌హుద్ ఈ సముద్రపు నది సాగే ఋతువులోనే వచ్చినవి. ఒక తుఫానుకు కారణాలు అనేకం. కాని ఆ నెలలలో మూత స్థితి తెలియడం హెచ్చరికలు చేసేవారికి ఎంతో అవసరం.

మన కర్తవ్యం

కొలత పరికరం ఎంత ఖరీదైనదైనా, దానిని సరిచూచే చిన్న కొలత లేనిదే నమ్మరాదని మన వృత్తి నేర్పుతున్నది. ఉపగ్రహాన్ని మత్స్యకారుని సీసాతో సరిచూచిన ఈ ఉదంతం ప్రతి ఇంజనీరూ గుర్తుంచుకోదగినది.

మరొక సంగతి. అర్పా ఇప్పుడు వేసవిలో చాలా భాగం ఇసుకమేటగా కనబడుతున్నది. వాన పడినప్పుడు మాత్రం అది మన వీధుల చెత్తనూ, ప్లాస్టిక్ సంచులనూ, మురుగునూ తనతో తీసుకొనిపోతుంది. దారిలో ఆనకట్టలు కొంత ఆపుతాయి గాని, నీరు ఆగదు. శుద్ధి చేయక వదలిన గని నీరైనా, కర్మాగారపు నీరైనా, మన ఇంటి కాలువైనా పోయే దిక్కు ఒక్కటే. భీమిలి వద్ద వల వేసే వ్యక్తికి మన ఊరి పేరు తెలియకపోవచ్చు. ఆయన పడవ క్రింది నీటిలో మాత్రం మన ఊరి వాన కొంత ఉండవచ్చు. పనిస్థలంలో నీటి శుద్ధి పట్టికలో సంతకం చేసేటప్పుడు, ఇంటి ముందు కాలువలో ఏదైనా పారవేయబోయేటప్పుడు ఈ మాట జ్ఞాపకం ఉంచుకొంటే చాలును.